జాకీ మీద కారు, ఇంట్లో మనం

కారు రిపేరంటే మగవాళ్ల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటాం. నాకా లెక్క నచ్చదు. ముందు చక్రాల దగ్గరి పని ఇంటి ముందే చేసుకుంటామని వాళ్లు అన్నప్పుడైతే అసలు నచ్చదు. ఆ కార్లో పక్క సీట్లో కూర్చునేది మనం. వెనక సీట్లో ఉండేది పిల్లలూ, అత్తయ్యా.

మా నకరికల్లు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద ఉంటుంది. రోడ్డెక్కితే లారీలు, ఊళ్లోకి తిరిగితే గుంటలు, స్పీడు బ్రేకర్లు. ఆస్పత్రికైనా బట్టలకైనా నరసరావుపేట వెళ్లాల్సిందే. మా ఆల్టోకి 15 ఏళ్లు దాటాయి. గుంటలో దిగినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్ టక్ మంటోందని మొదట కనిపెట్టింది నేనే. నడిపేవాళ్ల చెవి ఇంజను మీద ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్ల చెవి మిగతా అన్నిటి మీదా ఉంటుంది.

మిర్చి డబ్బులు చేతికొచ్చాక చూద్దామన్నారు మా ఆయన. పల్నాట ఏ ఇంట్లోనైనా వినపడే మాటే ఇది. కానీ ఆ చప్పుడు మిర్చి రేటు కోసం ఆగదు కదా! చివరికి మా మరిదితో కలిసి ఇంటి దగ్గరే మార్చుకుంటామన్నారు. మజూరీ మిగులుతుంది, ఏ బోల్టు ఎలా బిగించారో కళ్లతో చూసుకోవచ్చు. ఆ రెండూ నిజమే. వాయిదా వేయడం కంటే ఇంట్లో చేసుకోవడమే నయం. అందుకని వద్దనలేదు, షరతులు పెట్టాను.

ముందు ఆ భాగాలేంటో తెలుసుకుందాం. మారుతి 800 దగ్గర్నుంచి ఆల్టో, శాంట్రో దాకా మన చిన్నకార్లకు ముందువైపు అమరిక ఇంచుమించు ఒకటే. షాకబ్జరూ దాని చుట్టూ స్ప్రింగూ కలిసి నిలువుగా ఉంటాయి, దాన్ని స్ట్రట్ అంటారు. కింద లోయర్ ఆర్మ్. దానికి ఒక కొన రబ్బరు బుష్, రెండో కొన బాల్ జాయింట్. బుష్ మన కుక్కర్ గాస్కెట్ లాంటిది, ఏళ్లు గడిస్తే గట్టిపడి పగుళ్లిస్తుంది. బాల్ జాయింట్ భుజం కీలు లాంటిది. అది ఊడిందంటే చక్రం ఒరిగిపోతుంది, స్టీరింగ్ మాట వినదు.

నా మొదటి షరతు స్టాండ్లు. జాకీ కారును ఎత్తడానికే గానీ మోస్తూ ఉండటానికి కాదు. గట్టి నేల చూసుకుని, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, కారు ఇనుప స్టాండ్ల మీద కూర్చున్నాకే చెయ్యి లోపల పెట్టాలి. నాపరాళ్లు పేరిస్తే చాలదా అన్నాడు మరిది. మా పల్నాట నాపరాళ్లకు కొదవ లేదు గానీ, బరువు ఒక మూల పడితే అవి పెళుక్కున విరుగుతాయి.

రెండోది స్ప్రింగు. స్ట్రట్‌ను అలాగే మొత్తంగా బయటికి తీయొచ్చు, దాని నడిమి నట్టు మాత్రం ఇంట్లో ముట్టుకోకూడదు. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీస్తామా? స్ప్రింగు కూడా లోపల అణిగి ఉంటుంది, నట్టు ఊడితే ఎగిరి మొహాన తగులుతుంది. దాన్ని పట్టి ఉంచే కంప్రెసర్ ఉన్న షెడ్డులోనే ఆ పని జరగాలి. అన్నదమ్ములిద్దరూ చెరొక స్ట్రట్టూ గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కి పేట వెళ్లి బిగించుకొచ్చారు. వీధంతా నవ్వింది, నవ్వనీండి.

మూడోది ముగింపు పని. షాకబ్జర్లు రెండువైపులా కలిపే మార్చాలి. బుష్ బోల్టులు చక్రాలు నేలకు ఆని కారు బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించుకొచ్చేదాకా పిల్లల్ని ఎక్కించనని చెప్పేశాను.

"వదినా, మీకెందుకివన్నీ?" అన్నాడు మరిది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "ఎడ్లబండి రోజుల్లో మీ నాన్న ఇరుసుకి శీల ఉందో లేదో చూసుకున్నాకే మమ్మల్ని కోటప్పకొండ తిరణాలకి ఎక్కించేవాడు. నేనూ ఒకసారి వంగి చూసేదాన్ని. ఎక్కేది మేము కదరా!" అన్నారు. అంతకంటే నేను చెప్పేదేముంది?

మీ ఇంట్లో పాత కారుంటే ఈ వారం ఒక పని చేయండి. బానెట్ మూల బలంగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకోవాలి, ఊగుతూనే ఉంటే షాకబ్జర్ పనైపోయినట్టే. ముందు టైర్లు లోపలి అంచున ఎక్కువ అరిగాయేమో చూడండి. గుంటల్లో చప్పుడు వినండి, విన్నది చెప్పండి.

ఇక వాళ్లు ఇంటి ముందు కారు ఎత్తారనుకోండి. టీ తీసుకెళ్లినప్పుడు ఒకసారి వంగి చూడండి. స్టాండ్లు లేకపోతే టీ వెనక్కి తెచ్చేయండి.