గాలికి తగిన పెట్రోలు

మన కళాశాల షెడ్డులో నిలుచు మోటారు సైకిళ్లలో పెక్కింటికి ఇంకను కార్బురేటరే ఉన్నది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిదప కొత్త బండ్లలో దాని స్థానమును దాదాపు అంతటను ఇంధన ఇంజెక్షను ఆక్రమించినది. కనుక ఇవి తండ్రులో అన్నలో వాడి ఇచ్చిన బండ్లు. వీటి ఫిల్టరు డబ్బాను ఊడదీసి, కార్బురేటరు మూతికి నేరుగా శంకువు ఆకారపు ఫిల్టరును బిగించు వేడుక మనలో ప్రబలుచున్నది. బండి గాలిని బాగుగా పీల్చును, కనుక శక్తి పెరుగునని మిత్రుల వాదము. ఇందులో సగమే నిజమని నా అభిప్రాయము.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. కార్బురేటరులో ఈ పాళ్లను నిర్ణయించునవి జెట్లు, సూది. కర్మాగారము వారు జెట్టు రంధ్రమును తమ డబ్బా గాలికి కల్పించు అడ్డును లెక్కలోనికి తీసికొనియే నిర్ణయింతురు. ఆ అడ్డు తొలగినచో గాలి పెరుగును. పెట్రోలు ఆ మేరకు పెరగదు. మిశ్రమము పలుచనగును. థ్రాటిల్ తిప్పగానే బండి తడబడును, వదలగానే సైలెన్సరు టపటప పేలును, ప్లగ్గు మొన కాఫీరంగు పోయి తెల్లబడును, ఇంజను అతిగా వేడెక్కును. అప్పుడు పెద్ద మెయిన్ జెట్టు వేయవలెను. ఒక్కొక్కప్పుడు పైలట్ జెట్టును, సూది క్లిప్పు స్థానమును కూడ మార్చవలసివచ్చును. ఫిల్టరు ధర అడుగువారే గాని జెట్టు సంగతి ఉస్తాదును అడుగువారు అరుదు.

మరి శక్తి పెరిగినట్లు తోచుటయేల? డబ్బా పోగానే పీల్పు చప్పుడు హెచ్చును. చెవి మనస్సును మోసగించును. అంతకంటె ముఖ్యముగా, పోలికయే తప్పు. ఏండ్ల తరబడి మార్చక దుమ్ముతో మూసుకొనిపోయిన కాగితపు ఫిల్టరును తీసి ఏ కొత్త ఫిల్టరు పెట్టినను బండి తేలికపడును. ముందుగా కంపెనీ ఫిల్టరునే కొత్తది వేసి, వారము దినములు నడిపి చూడుడు. ఆ తరువాత శంకువు కొనవలెననిపించినచో కొనవచ్చును.

ధూళి సంగతి వేరుగా చెప్పవలెను. మన వేసవి రోడ్ల దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండరు గోడలను, పిస్టను రింగులను అరగదీయును. నూనె పట్టించు నూలు ఫిల్టరు ఆ నూనె ఉన్నంతవరకే దుమ్మును సరిగా పట్టును. కడిగి, ఆరబెట్టి, మరల నూనె పట్టించవలెను. ఇక వానకు, బయట వ్రేలాడు ఫిల్టరుకు డబ్బా రక్షణ లేదు.

నేను నిషేధమును కోరుట లేదు. జెట్లు మార్చి, ప్లగ్గు చూచి సరిచేసికొను ఓపిక గలవారు బిగించుకొనవచ్చును. అయితే ఉదయము తండ్రి దుకాణమునకు పోవు బండిపై ఆయనకు చెప్పక ఈ ప్రయోగము చేయుట న్యాయము కాదు. ఇంజను పట్టివేసిననాడు రీబోరు ఖర్చు ఆయనదే.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక కార్బురేటరును విప్పి పెట్టి, పట్టణములోని ఒక ఉస్తాదును ఒక పూట పిలిపింపుడు. బెర్నూలీ సూత్రమును బోర్డు మీద చదివినాము; జెట్టును చేత పట్టి చూచినవారము కొందరమే. పాత కార్బురేటరు తుక్కు సామాన్ల అంగడిలో దొరకును.