భూమి చరిత్ర తెలియని బిడ్డ భూమిని ఎలా నిలబెట్టుకుంటాడు?

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లల్లో వినిపించే మాట ఒకటే: ఎంపీసీనా, బైపీసీనా? బిడ్డ హెచ్‌ఈసీ తీసుకుంటానంటే 'రాజుల కథలు కూడు పెడతాయా?' అని కసురుతాం. సంఘంలో పనిచేస్తున్న మనమూ ఆ మాట అన్నవాళ్లమే. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలి.

ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో బట్టీ పట్టడమే చరిత్ర అయితే పిల్లలు విసుక్కోవడంలో తప్పులేదు. కానీ రైతు చరిత్ర ఇంట్లో ట్రంకు పెట్టెలోనే ఉంది. తెలంగాణలో పాత భూతగాదా ఏది తేలాలన్నా 1954-55 నాటి ఖాస్రా పహాణీ వెతుకుతారు. అందులో తాత పేరు ఎలా ఎక్కింది? నాయనమ్మ పేరు ఎందుకు లేదు? అదే పొలంలో తరతరాలుగా చెమటోడ్చిన దళిత కుటుంబం పేరు ఎందుకు కనిపించదు? ఈ ప్రశ్నలు అడగడమే చరిత్ర చదవడం.

ఆ కాగితం వెనుక నెత్తురుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలంలోని పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. ఆ పోరాటం సాగుతున్న రోజుల్లోనే 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చిన చట్టం వచ్చింది. ఎవరో దయతలచి ఇచ్చినవి కావవి.

కోస్తా జమీందారీ గ్రామాల కథా ఇంతే. 1937-38లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా యాత్ర చేశారు. జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేనని, భూమి రైతుదేనని ప్రకాశం పంతులు కమిటీ 1938లో తేల్చింది. జమీందారీ రద్దు చట్టం రావడానికి ఆ తర్వాత మరో పదేళ్లు, 1948 దాకా పట్టింది.

పాత సంగతులు ఇప్పుడెందుకు అంటారా? కౌలు రైతు సంగతే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన చట్టం ప్రకారం రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం యజమానితో ఒప్పందం ఉండాలంది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయపడతాడు. సంతకం లేక కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం రాదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కౌలుదారుకు భూమి మీద హక్కు కల్పించిన పాత చట్టాల జ్ఞాపకం అది. ఆ చట్టాలూ తెలిసి, ఈ చట్టమూ చదివిన బిడ్డ ఊళ్లో ఉంటే, 'పెదనాన్నా, ఈ కార్డు పదకొండు నెలల పంట మీద హక్కే, నీ భూమి మీద కాదు' అని నచ్చజెప్పగలదు. 'ఒకప్పుడు సంతకం లేకుండానే కార్డు ఇచ్చారు, ఇప్పుడెందుకు ఇవ్వరు?' అని అధికారిని నిలదీయనూ గలదు. ఏది పోగొట్టుకున్నామో తెలియనివాడు తిరిగి ఏమని అడుగుతాడు?

అందరు పిల్లలూ హెచ్‌ఈసీలో చేరాలని మనం చెప్పడం లేదు. ఇంజనీరు కాబోయే బిడ్డ కూడా రేపు ఆ ట్రంకు పెట్టెకు వారసుడే. పొలం తగాదా వచ్చిన రోజున కంప్యూటర్‌లో కనిపించే పేరే సత్యమనుకుంటే, దాని వెనుక డెబ్బై ఏళ్ల కాగితాలున్నాయని తెలియకపోతే, సగం ఓడిపోయినట్టే.

కాబట్టి ఈ వేసవి సెలవుల్లో ప్రతి గ్రామ కమిటీ ఒక పని పెట్టుకోవాలి. ఒక సాయంత్రం పిల్లలను, పెద్దలను రచ్చబండ దగ్గర కూర్చోబెడదాం. పహాణీలు, అడంగళ్లు, పాసు పుస్తకాలు తెచ్చి పిల్లల చేతనే చదివిద్దాం. వెట్టి చూసినవాళ్ల మాటలు విన్న ముసలివాళ్లు ఇంకా కొద్దిమందే మిగిలారు. వాళ్లు చెప్పేది పిల్లల చేత రాయిద్దాం. భూమితో పాటు దాని కథనూ బిడ్డలకు అప్పజెబుదాం.