ఇ.ఎస్.ఆర్. ఎక్కువుందా? కాస్త ఆగండి!

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే మనం చేసే మొదటి పని ఏమిటి? డాక్టరు గారి దగ్గరికి వెళ్ళేలోపే కవరు విప్పి, ఏ అంకె కింద గీత పడిందో వెతుక్కోవడం! ఆ గీత ఇ.ఎస్.ఆర్. దగ్గర ఉందనుకోండి. '45 అట, 20 దాటకూడదట!' అని ఇంట్లో గాభరా మొదలు. ఈలోగా పక్కింటి పిన్నిగారు వచ్చి 'టి.బి. ఉంటేనే అలా పెరుగుతుందమ్మా' అని ఓ మాట అనేసి వెళ్తారు. ఇక ఆ రాత్రి ఇల్లాలికి నిద్ర పడితే ఒట్టు.

అసలు ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. మజ్జిగ గిన్నె కదపకుండా ఉంచితే కాసేపటికి చిక్కటిదంతా అడుక్కి దిగి, పైన తేట నిలుస్తుంది కదా! రక్తమూ అంతే. గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ కలిపి, సన్నటి గాజుగొట్టంలో పోసి నిలువుగా పెడితే ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి. సరిగ్గా గంటకి పైన ఎన్ని మిల్లీమీటర్ల తేట నిలిచిందో చూసి రాసేదే ఇ.ఎస్.ఆర్. ఇప్పుడొచ్చిన కొన్ని మిషన్లు ఇంకా త్వరగా తేల్చేస్తున్నాయి.

మామూలుగా ఎర్రకణాలు ఒకదాన్నొకటి అంటకుండా విడివిడిగా ఉంటాయి. ఒంట్లో ఎక్కడైనా వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటే కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రోటీనుని ఎక్కువగా తయారుచేస్తుంది. దానితో కణాలు అప్పడాల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుంటాయి. విడి కణం కన్నా దొంతర బరువు కాబట్టి గబగబా దిగిపోతుంది, అంకె పెరుగుతుంది. అంటే ఒంట్లో ఏదో జరుగుతోందని మాత్రమే ఇ.ఎస్.ఆర్. చెబుతుంది. ఎక్కడ, ఏమిటి అన్నది చెప్పదు. అర్ధరాత్రి వీధిలో కుక్క మొరిగితే, వచ్చింది దొంగో ఊరినుంచి వచ్చిన చుట్టమో మనమే తలుపు తీసి చూసుకోవాలి కదా!

మరి ఈ టి.బి. మాట ఎక్కడినుంచి వచ్చింది? దానికీ ఓ కథ ఉంది. ఈ పరీక్ష సంగతి 1897లోనే పోలెండు డాక్టరు బియర్నాట్స్కీ చెప్పాడు. 1918లో స్వీడన్‌కి చెందిన ఫారియస్, గర్భిణుల రక్తంలో కణాలు వేగంగా దిగడం చూసి, కడుపుతో ఉన్నదీ లేనిదీ దీనితో కనిపెట్టొచ్చా అని ఆలోచించాడు. 1921లో ఆ దేశపు డాక్టరే వెస్టర్‌గ్రెన్ ఊపిరితిత్తుల క్షయ ఉన్నవాళ్ళ రక్తం మీద దీన్ని పరిశీలించాడు. గర్భం సంగతి అందరూ మరిచిపోయారు గానీ క్షయ మాట మాత్రం మన నోళ్ళలో మిగిలిపోయింది!

మన ఆడవాళ్ళకి ఈ అంకె మగవాళ్ళకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. యాభై లోపు వాళ్ళకి 20 వరకు, ఆ పైన 30 వరకు మామూలే. వయసుకి 10 కలిపి సగం చేస్తే మీ హద్దు ఎంతో సుమారుగా తెలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు నెలలు నిండేకొద్దీ 40, 50 వచ్చినా వింతేమీ కాదు. కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు దిగదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, అదే రిపోర్టులో హెమోగ్లోబిన్ ఎంతుందో చూశారా? రక్తం తక్కువైతే ఎర్రకణాలు పలచబడి త్వరగా దిగుతాయి. ఇంట్లో అందరికీ వడ్డించి అడుగు బొడుగు తినే ఇల్లాలికి హెమోగ్లోబిన్ 8 ఉండి, ఇ.ఎస్.ఆర్. 45 వస్తే, ముందు చూడాల్సింది ఆ 8 సంగతి. నెలసరిలో ఎక్కువ పోతోందా, నులిపురుగులున్నాయా అని డాక్టరు గారు అడుగుతారు. సిగ్గుపడకుండా చెప్పండి.

అలాగని 'ఏమీ కాదులే' అని రిపోర్టుని బియ్యం డబ్బా వెనక్కి తోసెయ్యకండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టి.బి. కోసం కళ్ళె పరీక్ష చేయించాల్సిందే. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. ఇ.ఎస్.ఆర్. ఒక్కటే చూసి ఎవరైనా నెలల తరబడి టి.బి. మందులు మింగమంటే, 'కళ్ళె పరీక్షో, ఎక్స్‌రేనో చూశారా?' అని గట్టిగా అడగండి. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, గంట గడిస్తే గానీ కాఫీ డబ్బా మూత తియ్యలేకపోతున్నారా? వాపుతో వచ్చే కీళ్ళజబ్బేమో చూపించుకోండి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల దగ్గర నొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, నమిలితే దవడ లాగడం ఉంటే ఆ రోజే వెళ్ళాలి. మనవాళ్ళలో అరుదే గానీ, ఆలస్యమైతే చూపు పోయే జబ్బు అది. ఇ.ఎస్.ఆర్. 100 దాటితే మాత్రం, బాధేమీ తెలియకపోయినా కారణం వెతికించాల్సిందే.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. అంకె బాగానే ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. రొమ్ములో గడ్డ తగులుతుంటే ఇ.ఎస్.ఆర్. 10 ఉందని ఊరుకోకూడదు.

ఇంకో మాట. జ్వరం తగ్గి మీరు లేచి వంట చేసుకుంటున్నా, ఈ అంకె దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకని వారం వారం పరీక్ష చేయించి డబ్బులు తగలేసుకోకండి. ఇప్పుడేం జరుగుతోందో త్వరగా తెలియాలంటే డాక్టర్లు సి.ఆర్.పి. రాస్తారు. మళ్ళీ ఎప్పుడు చేయించాలో అడిగి, వీలైతే అదే ల్యాబ్‌కి వెళ్ళండి. గొట్టం కాస్త పక్కకి వాలినా, తీసిన రక్తం గంటల తరబడి అలా ఉండిపోయినా అంకె మారిపోతుంది. పాత రిపోర్టు చేతిసంచిలో పెట్టుకోవడం మరవకండి. అన్నట్టు, ఈ ఒక్క పరీక్షకైతే పరగడుపున వెళ్ళక్కర్లేదు. కాఫీ తాగే బయల్దేరండి.