పాత ఇంజనా? చల్లగా ఉన్నప్పుడే చూడండి

"పాత ఇంజనే నయం, సెన్సార్ల గోల ఉండదు" అని లారీ ఓనర్లంటే మనం నవ్వేస్తాం. నవ్వకండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 భారీ లారీలో ఫాల్ట్ వస్తే స్కానర్ కావాలి. ఇన్‌లైన్ పంపుతో నడిచే పాత 5.9 లీటర్ల కమిన్స్‌కి మంచి మెకానిక్ చాలు. ఒక్క బండి మీద బతికే ఇంటికి అది ఆగిన ప్రతిరోజూ నష్టమే, కిస్తీ మాత్రం ఆగదు.

అలాగని పాతవన్నీ బంగారం కాదు. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ఆయిల్ మూత తీయగానే పొగ గుప్పుమంటే రింగులో బోర్లో అరిగినట్టే. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కినా తగ్గని తెల్లపొగ వస్తే ఇంజెక్టర్లు, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. పైగా ఈ కమిన్స్‌లో విడి లైనర్లు ఉండవు. బోరు అరిగితే బ్లాకునే బోరింగ్‌కి పంపాలి.

కొన్నాక ఆయిలూ ఫిల్టర్లూ టైముకి మార్చాలి, డీజిల్‌లో చేరిన నీళ్లు వదిలేయాలి, వాల్వ్ గ్యాప్ చూసుకోవాలి. నల్లపొగ కక్కుతున్నా "లాగుతోందిగా" అని పంపులో డీజిల్ పెంచేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. కిరాయి ఓనరుకి, పొగ ఊరికా? పాత ఇంజను ఉంచుకునే హక్కు దాన్ని సరిగ్గా చూసుకునేవాళ్లకే.