తీగ చుట్టినా నేరమే: ఇంట్లో తయారయ్యే వేప్ గురించి పాతబస్తీ తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

రెండు మూడు అంగుళాల సన్నటి తీగ, చిటికెడు దూది, ఒక స్క్రూడ్రైవర్, ఒక బ్యాటరీ. అన్నీ మామూలు వస్తువులే. వీటిలో ఏది కొన్నా తప్పు లేదు, ఎవరూ ప్రశ్నించరు కూడా. కానీ ఇవే ముందు పెట్టుకుని ఒక కుర్రాడు వేప్ కోసం కాయిల్ చుట్టి పక్క గల్లీ స్నేహితుడికి వంద రూపాయలకు ఇచ్చాడనుకోండి. చట్టం రాసిన మాటల ప్రకారం చూస్తే వాడు ఈ-సిగరెట్ భాగాన్ని తయారు చేసినవాడు, అమ్మినవాడు. ఈ సంగతి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

హైదరాబాద్‌లో ఈ-సిగరెట్లు పట్టుబడ్డాయన్న వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. ఆ వార్తల్లో కనిపించేది పెట్టెల కొద్దీ సరుకు, రంగురంగుల డిస్పోజబుల్ వేప్‌లు. కాయిల్, దూది మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడుకునే రకం పరికరం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వాటిని రీబిల్డబుల్ అటమైజర్లు అంటారు. పాతబస్తీ కుటుంబాలు నిజంగా ఆలోచించాల్సింది వీటి గురించే.

చట్టంలో ఏముంది?

కేంద్రం 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చి ఈ-సిగరెట్లను నిషేధించింది. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదంతో అది పూర్తి చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నిషేధమే. నికోటిన్ ఉన్నా లేకపోయినా తేడా లేదు. ‘ఇందులో నికోటిన్ లేదు అంకుల్, ఒట్టి ఫ్లేవర్’ అనే మాట చట్టం ముందు పనికిరాదు. ఈ-హుక్కా కూడా ఇందులోకే వస్తుంది.

అసలు గమనించాల్సిన మాట ఇంకొకటి ఉంది. పూర్తి పరికరమే కాదు, దాని ‘ఏ భాగమైనా’ అని చట్టం చెప్పింది. తయారీ అంటే ఫ్యాక్టరీలో చేయడం ఒక్కటే కాదు, భాగాలను కూర్చడం కూడా తయారీయే అని నిర్వచనంలో రాశారు. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ అదే తప్పు చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా.

ఇల్లు, దుకాణం ఉన్నవాళ్లకు సంబంధించిన సెక్షన్ కూడా ఒకటి ఉంది. తమ స్థలంలో ఈ-సిగరెట్ల స్టాకు పెట్టుకోవడానికి తెలిసి ఒప్పుకుంటే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ‘భాయ్, ఈ డబ్బా రెండు రోజులు మీ దుకాణంలో ఉండనీ’ అని ఎవరైనా అడిగితే, లోపల ఏముందో చూడకుండా ఊఁ అనకండి.

సొంతానికి పీల్చడాన్ని విడిగా నేరమని సెక్షన్లలో రాయలేదు. కుర్రాళ్లు పట్టుకునేది ఈ ఒక్క పాయింటునే. కానీ చేతిలో ఉన్న వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిచ్చారు, నువ్వు ఎవరికిచ్చావు అనే ప్రశ్నలు మొదలైతే ఆ పాయింటు ఎంతసేపు నిలబడుతుంది?

విడిభాగాల వైపు ఎందుకు మళ్లుతారు?

పూర్తి పరికరం నిషేధం కాబట్టి చాటుమాటుగా, ఎక్కువ ధరకే దొరుకుతుంది. డిస్పోజబుల్ అయితే కొన్ని రోజుల్లో పారేయాలి. రీబిల్డబుల్ అలా కాదు. లోహపు ట్యాంకు ఒక్కసారి సంపాదిస్తే చాలు, ఆ తర్వాత తీగ, దూది ఖర్చే. దానికితోడు ‘నా చేత్తో నేను చేశాను’ అనే గర్వం ఒకటి. ఇతర దేశాల్లో ఇది ఒక హాబీగా పెరిగింది, నేర్పే వీడియోలకు లెక్కే లేదు.

పాతబస్తీలో చేతిపని పిల్లలకు కొత్త కాదు. జర్దోజీ మగ్గం దగ్గర సన్నటి తీగ పట్టడం, మొబైల్ రిపేరు బల్ల మీద సోల్డరింగ్ చేయడం ఎంతోమంది కుర్రాళ్ల జీవనాధారం. అదే నైపుణ్యం ఇటు తిరిగితే మొదట సరదా, తర్వాత స్నేహితులకు సాయం, ఆపైన చిన్న ఆదాయం. సాయానికీ అమ్మకానికీ మధ్య గీత ఎక్కడ దాటాడో ఆ పిల్లాడికే తెలియకపోవచ్చు.

హుక్కా సంగతి కూడా మర్చిపోకూడదు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ సవరణ బిల్లును ఆమోదించింది. నిర్ణయం మంచిదే. అయితే నలుగురు కూర్చునే చోటు మూతపడినంత మాత్రాన పొగ మీద మోజు పోదు. అది జేబులో పట్టే వస్తువుగా మారి గదిలోకి, మేడ మీదికి చేరితే ఇంట్లోవాళ్లకు కనిపించడం ఇంకా కష్టం.

ఆ చిన్న తీగ లోపల ఏం జరుగుతుంది?

ఇస్త్రీ పెట్టెలో, గది హీటర్‌లో ఎర్రగా కాలే తీగ తెలుసు కదా. వేప్ కాయిల్ కూడా ఆ జాతిదే. ఎక్కువగా వాడేవి రెండు రకాలు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన కాంతల్ ఒకటి, నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్ మరొకటి. తీగను స్ప్రింగులా చుట్టి మధ్యలోంచి దూది దూరుస్తారు. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు ఆ దూది ద్రవాన్ని పీలుస్తుంది. బ్యాటరీ కరెంటుకు తీగ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. అంతే.

ప్రమాదమంతా ఈ ‘అంతే’లోనే ఉంది. ఫ్యాక్టరీలో ఇంజినీరు వేసే లెక్కలు ఇక్కడ పదో తరగతి పిల్లాడు వేయాలి.

మొదటిది కరెంటు. బడిలో చెప్పిన ఓమ్ సూత్రమే. పూర్తిగా చార్జ్ అయిన ఒక లిథియం సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ నిరోధం 0.2 ఓమ్‌లు అయితే ప్రవహించే కరెంటు 21 ఆంపియర్లు. తీగ మరో రెండు చుట్లు తక్కువైనా, రెండు చుట్లు ఒకదానికొకటి తగిలినా నిరోధం పడిపోతుంది. 0.1 ఓమ్‌కి వస్తే 42 ఆంపియర్లు. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి ఊడదీసిన సెల్‌లు చాలావరకు ఇంత భారానికి చేసినవి కావు. పైగా కొన్ని పరికరాల్లో రక్షణ సర్క్యూటే ఉండదు, బటన్ నొక్కితే బ్యాటరీ నేరుగా కాయిల్‌కు కలుస్తుంది. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 వరకు ఈ-సిగరెట్ల మంటలు, పేలుళ్ల ఘటనలు 195 లెక్కగట్టింది. వాటిలో 133 మంది గాయపడ్డారు. 61 ఘటనల్లో పరికరం గానీ విడి బ్యాటరీ గానీ జేబులోనే ఉంది. విడి సెల్‌తో పాటు తాళంచెవులు, చిల్లర ఒకే జేబులో వేసుకుంటే షార్ట్ సర్క్యూట్‌కు అది చాలు.

రెండోది దూది. ద్రవం సరిగా అందక దూది ఆరిపోతే వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. దూది మాడుతుంది, మిగిలిన ద్రవం విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటి విష పదార్థాలు పుడతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని శాస్త్రం ఎప్పుడో తేల్చింది.

మూడోది లోహం. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 56 మంది సొంత పరికరాలనే తెప్పించి పరీక్షించారు. సీసాలో ఉన్న ద్రవంలో కంటే, కాయిల్‌ను తాకి వచ్చిన ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం లాంటి లోహాలు ఎక్కువగా కనిపించాయి. లోహం వచ్చింది తీగ నుంచే. మరి ఏ గ్రేడో తెలియని తీగతో చుట్టిన కాయిల్ మాటేమిటి?

నాలుగోది, అన్నిటికంటే భయపెట్టేది: ట్యాంకులో ఏం పోస్తున్నారు? రీబిల్డబుల్‌లో ఏ ద్రవమైనా పోయొచ్చు. 2019, 2020 సంవత్సరాల్లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, అందులో మరణాలు 68. ప్రధాన కారణం గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అని తేలింది. అది మామూలు నికోటిన్ ద్రవం పని కాదు, నిజమే. కానీ చేతులు మారి వచ్చిన సీసా మీద ఏం రాసి ఉంటుంది, రాసినా ఎవరు నమ్మాలి? అందులో గంజాయి సారం ఉంటే వ్యవహారం 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం కిందికి వెళ్తుంది. అది ఇంకా కఠినం.

గల్ఫ్ నుంచి వచ్చే సూట్‌కేసు

మన కుటుంబాల్లో చాలావాటికి దుబాయ్‌తోనో జెద్దాతోనో బంధం ఉంది. యూఏఈ, సౌదీల్లో ఈ పరికరాలు పన్ను కట్టి బహిరంగంగానే అమ్ముతారు. ఖతార్‌లో మాత్రం నిషేధం. అక్కడ షాపులో బిల్లుతో కొన్న వస్తువే కదా అని చిన్న చాచా సూట్‌కేసులో ఒక ట్యాంకు, నాలుగు కాయిల్ ప్యాకెట్లు వేసుకొస్తే, శంషాబాద్‌లో దిగేసరికి అది దిగుమతి. దిగుమతి ఇక్కడ నేరం. కొన్నచోట చట్టబద్ధమైన వస్తువు, దిగినచోట కాదు.

వెళ్లేటప్పుడు కూడా ఇదే చిక్కు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపే అధికారం పాస్‌పోర్టు చట్టం ఇస్తుంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప ముందుకు కదలదు. వీసా కోసం పోలీస్ క్లియరెన్స్ అడిగే చోట ఆ కేసు మళ్లీ అడ్డొస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి జరిమానా కంటే పెద్ద శిక్ష ఇది. అబ్బా అప్పు చేసి వీసా ఏర్పాటు చేస్తుంటే, కొడుకు పేరు మీద కాయిల్ కేసు ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఊహించుకోండి.

అవతలి వాదన కూడా వినాలి

ఈ నిషేధాన్ని తప్పుపట్టేవాళ్ల ప్రశ్న సూటిగా ఉంటుంది. మూల మీద పాన్ డబ్బాలో సిగరెట్ దొరుకుతోంది, జర్దా దొరుకుతోంది. వాటిని వదిలి దీన్ని మాత్రమే నేరం చేయడమేంటి? ఇంగ్లండ్‌లో సిగరెట్ మానాలనుకునే పెద్దలకు వేప్‌ను ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థే ఒక మార్గంగా చూపిస్తోంది కదా? ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అసలు భారం అక్కడే ఉంది.

కానీ ఇంగ్లండ్ ఉదాహరణ మన గల్లీకి అతకదు. అక్కడ ద్రవంలో నికోటిన్ మోతాదుకు పరిమితి ఉంది, అమ్మేవాడికి లెక్క ఉంది, కొనేవాడికి 18 నిండాలి. ఇక్కడ చాటున దొరికే దానికి ఆ మూడూ లేవు. మానడానికి సాయం కావాలనుకున్న పెద్దలకు నికోటిన్ గమ్ మందుల షాపులో చట్టబద్ధంగా దొరుకుతోంది. 2019లో 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల మీద జరిగిన జాతీయ సర్వేలో 2.8 శాతం మంది ఈ-సిగరెట్ ఒక్కసారైనా వాడామన్నారు. వాళ్లలో సిగరెట్ మానడానికి మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇంట్లో చేయగలిగింది

ముందు గుర్తుపట్టడం రావాలి. పిల్లాడి డ్రాయర్‌లో సన్నటి తీగ చుట్ట, చిన్న కత్తెర, శుభ్రమైన దూది, వేలెడంత గుండ్రటి లోహపు డబ్బా, పెన్సిల్ సెల్ కంటే లావైన బ్యాటరీలు కలిసి కనిపిస్తే అడగండి. ఒక్కటే కనిపిస్తే తొందరపడకండి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లల దగ్గర కూడా తీగ ఉంటుంది. నికోటిన్ సీసా ఏదైనా దొరికితే ముందు చిన్నపిల్లలకు అందకుండా చూడండి. తీపి వాసనకు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, కొంచెం మింగినా పసివాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

కొట్టడం, ఫోన్ లాక్కోవడం కంటే లెక్క చెప్పడం నయం. 4.2ని 0.2తో భాగించమనండి. సెక్షన్‌లో ‘ఏ భాగమైనా’ అని ఉన్న మాట చదివించండి. తెలివిగా చేస్తున్నాననుకునే పిల్లాడు తెలివైన మాటే వింటాడు. మానడానికి సాయం కావాలంటే సిగరెట్ ప్యాకెట్ మీద అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అది కేంద్ర ఆరోగ్య శాఖ క్విట్‌లైన్.

వ్యవహారం పోలీసుల దాకా వెళ్తే ఈ రెండు గుర్తుంచుకోండి. ఈ చట్టం కింద సోదా చేసే పోలీసు అధికారి కనీసం ఎస్సై హోదాలో ఉండాలి. పిల్లాడికి 18 ఏళ్లు నిండకపోతే లాకప్‌లో పెట్టకూడదు, విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్లాలి.

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక పని మిగిలింది. దాడులు, స్వాధీనాలు సరే. ‘భాగం అమ్మినా నేరమే’ అనే ఒక్క వాక్యాన్ని ఉర్దూలో, తెలుగులో రాసి బడి గోడల మీద, మొబైల్ రిపేరు దుకాణాల్లో, కోచింగ్ సెంటర్లలో అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? పెట్టెల కొద్దీ సరుకు దించే వ్యాపారి, సరదాకు తీగ చుట్టిన విద్యార్థి ఇద్దరూ ఒకే సెక్షన్ కింద నిలబడే పరిస్థితి వస్తే వ్యాపారికి వకీలు దొరుకుతాడు. విద్యార్థికి పోయేది చదువు, ఉద్యోగం. ఆ మాట పిల్లల చెవిన కేసు కంటే ముందే పడాలి.