బైకు అడిగే అబ్బాయికో లెక్క

వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈక్వల్‌టు టూ ఏ ఎస్... హైస్కూలు నుంచి ఇంటర్ దాకా పిల్లలు బట్టీపట్టే సూత్రం. మీ ఇంట్లో బైకు కొనిపెట్టమని పోరుపెట్టే అబ్బాయి ఉంటే, దాంతోనే ఓ లెక్క చేయించండి.

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో బైకు వస్తోంది. సరిగ్గా 20 మీటర్ల ముందు ఓ పాప రోడ్డు మీదికొచ్చింది. బండి ఆగుతుందా?

ముందు వేగాన్ని మీటర్లలోకి మార్చాలి. 36ను 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 10 మీటర్లు. చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే. తర్వాత, పాపను చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పాఠ్యపుస్తకం లెక్కల్లో తరచూ కనిపించని సెకను ఇది! అంతసేపూ బండిది సమవేగమే కాబట్టి 10 మీటర్లు వెళ్లిపోతుంది. సమత్వరణ సూత్రం పనిచేసేది ఆ తర్వాతే. పొడిరోడ్డు మీద బ్రేకు పడ్డాక త్వరణం మైనస్ 5 అనుకుందాం. తుది వేగం సున్నా. 100ను 10తో భాగిస్తే ఎస్ విలువ 10 మీటర్లు. మొత్తం 20. పాప ముందు బండి ఆగింది.

ఇప్పుడు 54తో చేయమనండి. సెకనుకు 15 మీటర్లు. బ్రేకు పడేసరికే 15 అయిపోయాయి, మిగిలింది 5. 225లోంచి 50 తీసేస్తే 175. దాని వర్గమూలం 13 పైచిలుకు, అంటే గంటకు దాదాపు 48 కిలోమీటర్లు. ‘బ్రేకేశాను కదా’ అంటాడు మనవాడు. వేశాడు, తగ్గింది ఆరే! దాదాపు 9 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల పైనుంచి పడితే నేలను తాకే వేగమది.

72 అయితే బ్రేకు నొక్కకముందే 20 మీటర్లూ ఖర్చు. ఆపైన ఆగడానికి మరో 40 కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. సూత్రంలో ఆ ‘స్క్వేర్’ ఉన్నది అందుకే.

తడిరోడ్డు మీద పట్టు సగమైందనుకోండి. త్వరణం మైనస్ రెండున్నర. పాప ముందు ఆగాలంటే ఎంత వేగంతో రావాలి? ఈసారి వర్గ సమీకరణం సాధించాలి, కాస్త టైమివ్వండి. జవాబు... గంటకు దాదాపు 28 కిలోమీటర్లు.