గోళీతో పాటు తోటోడు కూడా కావాలె



నకిరేకల్ చుట్టుపక్కల తండాల్లో ఎవరికైనా జరమొస్తే పక్కింటోళ్లు వచ్చి మందలిస్తరు. మనసు బాగలేదంటే మాత్రం గాలి సోకిందనో, పనికి బద్ధకమనో అంటరు.

బైపోలార్ ఉన్న పిల్లగాడు మూడు రాత్రులు నిద్రపోకుండ తిరిగి, అప్పుజేసి బండి కొంటే హుషారైండనుకుంటం. జబ్బు తిరగబెడుతున్నదేమోనని ముందుగాల అనుమానం వచ్చేది, ఆ బాధ పడి తేరుకున్నోళ్లకే. అందుకే జబ్బుతో బతుకుతున్నోళ్లే నడుపుకునే బృందాలు తండాల్లో రావాలె. మన ఆడోళ్లు పొదుపు సంఘాలు నడుపుతలేరా? ఇదీ అట్లనే, నెలకోసారి కూసోని మాట్లాడుకునుడే. పైగా గోర్ బోలిలో ఏడ్చేటోళ్లకు తెలుగులో చెప్పే ధైర్యం సగమే చేరుతది.

అట్లని బృందం డాక్టర్‌కు బదులు కాదు. లిథియం వాడేటోళ్లకు రక్తపరీక్షలు తప్పవు. బాగయిందని గోళీలు సొంతంగ ఆపొద్దు.

ఆ గోళీల కోసం ఎర్రగడ్డ దాకా బస్సెక్కి కూలి పోగొట్టుకునుడు మన ఖర్మ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, అత్యవసర జాబితాలోని మానసిక మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై ప్రభుత్వ దవాఖానలన్నింటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. లేవంటే ఒక్కడు అడిగితే పంపించేస్తరు, పదిమంది పోయి అడిగితే రాసుకుంటరు.

రాత్రిపూట బతకబుద్ధి కాకపోతే పక్కనున్నోళ్లను లేపండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతరు. మొదటి బృందం ఎవరింటి వాకిట్ల కూసోవాలె? కామెంట్లో కాదు, తండాలోనే అడుగుండ్రి.